గోదారి గట్టు పాట, కోలారు చెరువు కట్ట

మన కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. నంది కొండల దగ్గర పుట్టిన పాలారు మన జిల్లా మీదుగానే పోతుంది గానీ, దాని ఇసుక చూసినంతగా నీళ్ళు చూసినవాళ్ళు ఈ తరంలో తక్కువ. మనకున్నవి చెరువులు. పెద్దలు కట్టిన చెరువులు, వాటి కట్టలు, కట్ట మీద వేపచెట్లు. బంగారు గనులకు సైతం తాగునీళ్ళు బేతమంగలం చెరువు నుంచే వచ్చాయి. అటువంటి నేల మీద, 2025 సంక్రాంతి రోజుల్లో, బంగారుపేట మొదలుకొని ముళబాగిలు దాకా గోదారి గట్టు గురించిన ఒక పాట మోగింది. ఆటోల్లో, పెళ్ళి మంటపాల్లో, టీ అంగళ్ళలో, పిల్లల సెల్‌ఫోన్లలో అదే పాట. గోదావరిని కంటితో చూడనివాళ్ళు కూడా దాన్ని సొంత పాటలాగా పాడుకున్నారు.

'సంక్రాంతికి వస్తున్నాం' సినిమాలోని 'గోదారి గట్టు' పాట సంగతే చెబుతున్నాను. దాన్ని పాడినవారు రమణ గోగుల గారు, మధుప్రియ. సంగీతం భీమ్స్ సిసిరోలియో, రచన భాస్కరభట్ల రవికుమార్. సినిమా 2025 జనవరి 14న వచ్చింది. పాట మాత్రం అంతకు ముందే, 2024 డిసెంబరులో 'ఫస్ట్ సింగిల్' అన్న పేరుతో వచ్చేసింది. సినిమా వచ్చేనాటికి జనానికి పాట నోటికి వచ్చేసి ఉంది.

ఇది సినిమా కబుర్లు చెప్పడానికి రాస్తున్నది కాదు. ఒక రాక్ గాయకుడు చాలాకాలం పాట పక్కన పెట్టి, మళ్ళీ వచ్చి, పల్లెటూరి బాణీలో ఒక్క పాట పాడి ఇంటింటికీ చేరడం వెనక మన ఇళ్ళకు పనికొచ్చే విషయాలు కొన్ని ఉన్నాయి. వాటిని పాఠకులతో పంచుకోవాలని ఈ ప్రయత్నం.

సింగిల్ అంటే ఏమిటి?

ఈ మాట ఇప్పుడు పిల్లల నోట నలుగుతున్నది గానీ, దీని పుట్టుక పాతదే. గ్రామఫోను రోజుల్లో 78 తిరుగుళ్ళ రికార్డులో ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాల పాట పట్టేది. 1949లో అమెరికాలో ఆర్.సి.ఎ. కంపెనీ నిమిషానికి 45 తిరుగుళ్ళు తిరిగే చిన్న రికార్డును తెచ్చింది. ముందు వైపు ఒక పాట, వెనక వైపు ఒక పాట. ముందు వైపు పాట కోసమే జనం దాన్ని కొనేవారు. అదే సింగిల్. పది పన్నెండు పాటలున్న పెద్ద రికార్డు కొనలేని కుర్రవాళ్ళు జేబులోని చిల్లరతో సింగిల్ కొనుక్కునేవారు. అందుకే రాక్ సంగీతం, పాప్ సంగీతం సింగిల్స్ మీదనే పెరిగాయి.

మన తెలుగులో దీనికి దగ్గరి చుట్టం లేకపోలేదు. సినిమాతో పని లేకుండా రికార్డు మీద విడుదలైన పాటలను 'ప్రైవేటు పాటలు' అనేవారు. సాలూరి రాజేశ్వరరావు గారు, రావు బాలసరస్వతీదేవి గారు అటువంటి పాటలతో 1940ల నాటి ఇళ్ళను మురిపించారు. టంగుటూరి సూర్యకుమారి గారి గొంతులోని 'మా తెలుగు తల్లికి' గ్రామఫోను రికార్డు ద్వారానే ఊరూరికీ పాకింది. దాన్ని రాసిన శంకరంబాడి సుందరాచారి గారు మనకు దగ్గరివారే, తిరుపతి మనిషి. కనుక ఒక్క పాట ఒంటరిగా వచ్చి జనాన్ని గెలవడం మనకు కొత్త కాదు. పేరు మాత్రమే కొత్త.

తరువాత కాలంలో మన పాట అంతా సినిమాలోనే చేరిపోయింది. ఇప్పుడు మళ్ళీ సినిమా పాటలే సినిమాకంటే ముందు ఒక్కొక్కటిగా బయటికి వస్తున్నాయి. పాట తన కాళ్ళ మీద తాను నిలబడాలి. తెర మీద బొమ్మ దాన్ని మోసే పరిస్థితి మొదటి నెలలో ఉండదు. ఇది పాటకు ఒక పరీక్ష.

ఎవరీ రమణ గోగుల?

ఇరవై అయిదేళ్ళ కిందటి కుర్రకారును అడిగితే కళ్ళు మెరిపించి చెబుతారు. తొంభైల నడుమ కేబుల్ టీవీ మన ఊళ్ళకు చేరిన రోజుల్లో పాప్ ఆల్బముల హోరు నడిచింది. ఆ హోరులోనే 'మిస్టీ రిథమ్స్' అన్న బృందంతో 'ఆయే లైలా' ఆల్బమ్ చేసి ఆయన పైకి వచ్చారు. గిటారు, డ్రమ్ములు, కాస్త గీర ఉన్న గొంతు. మన చెవులకు అప్పటికి అలవాటైన తీయని గొంతులకు అది పూర్తిగా ఎడం.

బృందంలోంచి బయటికి వచ్చి ఒక్కరుగా 1998లో 'ప్రేమంటే ఇదేరా'కు సంగీతం చేశారు. కథానాయకుడు వెంకటేష్. 1999లో 'తమ్ముడు', 2000లో 'యువరాజు', 'బద్రి' వచ్చాయి. 'తమ్ముడు'లో ఆయన పూర్తిగా ఇంగ్లీషు మాటలతోనే ఒక పాట పాడారు. తెలుగు సినిమాలో మొదటినుంచి చివరిదాకా ఇంగ్లీషు పాటా అని పెద్దలు ముక్కున వేలేసుకున్నారు. కుర్రకారు మాత్రం క్యాసెట్టు అరిగేదాకా విన్నారు.

అప్పట్లో మన ఇళ్ళలోని అవ్వలు ఆ పాటలు విని, "ఎవుర్రా ఈ పాడేది? ఆయప్పకు గొంతు పట్టిందా ఏమి?" అని అడిగేవాళ్ళు. మనవలు నవ్వేవాళ్ళు. ఆ ప్రశ్నలో వెక్కిరింతకంటే ఆశ్చర్యమే ఎక్కువ. ఘంటసాల గారిని, బాలసుబ్రహ్మణ్యం గారిని విన్న చెవికి ఆ గరుకు గొంతు వింతగానే తోచింది.

కర్ణాటకకూ ఆయనకూ ముడి ఉంది. 'తమ్ముడు' కథనే పూరి జగన్నాథ్ 2001లో కన్నడంలో శివరాజ్‌కుమార్‌తో 'యువరాజ'గా తీస్తే దానికీ ఈయనదే సంగీతం. ఎదురు దారిలో, శివరాజ్‌కుమార్ నటించిన కన్నడ 'జోగి' తెలుగులో 2007లో 'యోగి' అయినప్పుడు కూడా సంగీతం ఈయనదే. మన జిల్లాలో రెండు భాషల సినిమాలూ ఒకే వీధిలో ఆడతాయి. కనుక ఆ బాణీలు మనకు రెండు వైపుల నుంచీ చేరాయి. ఆయన బెంగళూరులో 'లిక్విడ్ క్రిస్టల్' అనే సంస్థను కూడా నడిపారు. అంటే సంగీతం ఒక చేత, సాఫ్ట్‌వేర్ మరొక చేత.

ఆ రెండో చేయే చివరికి గెలిచినట్టు కనిపించింది. 2006లో వెంకటేష్ గారి 'లక్ష్మి', ఆ తరువాత రెండు మూడు సినిమాలు, 2013లో '1000 అబద్ధాలు'. ఆపైన పాట వినబడలేదు. ఆయన అమెరికాలో ఉద్యోగంలో స్థిరపడ్డారు. 'గోదారి గట్టు' కోసం దర్శకుడు అనిల్ రావిపూడి, సంగీత దర్శకుడు భీమ్స్ ఆయనను మళ్ళీ పిలిచేనాటికి, 'లక్ష్మి' వచ్చి పద్దెనిమిదేళ్ళు దాటింది. తెర మీద మళ్ళీ అదే వెంకటేష్. ఇద్దరికీ వయసు పెరిగింది. పాట కూడా వయసుకు తగ్గదే. కాలేజీ కుర్రవాడి పాట కాదిది, పెళ్ళయి పిల్లలున్న దంపతుల సరసం.

బంగారు గనుల ఊరూ, గిటారు చప్పుడూ

రాక్ సంగీతం అనగానే మన ఊళ్ళకు దూరపు సంగతి అనుకుంటాం. కానీ దక్షిణాదిలో పాశ్చాత్య సంగీతం తొలిగా అలవాటైన ఊళ్ళలో మన కె.జి.ఎఫ్. ఒకటి. జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ 1880ల నుంచి గనులు నడిపింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు గనులకు చేరింది. దొరల బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం, చర్చీలు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండడం వల్ల ఆ ఊరికి 'లిటిల్ ఇంగ్లండ్' అనే పేరు వచ్చింది. క్లబ్బులో పియానో, నాట్యాలు. కూలి లైన్లలో తమిళ పాట, తెలుగు పాట, తప్పెట. ఒక ఊరిలోనే రెండు లోకాలు. గని లోపల మూడు కిలోమీటర్లకు పైగా లోతున పని చేసి పైకి వచ్చిన మనిషికి రెండు లోకాల చప్పుడూ వినబడేది.

మనకు అరవై మైళ్ళ దూరంలోని బెంగళూరులో కొడవ కుటుంబంలో పుట్టిన బిద్దు గారి కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఆయన కుర్రతనంలో 'ట్రోజన్స్' అనే బృందంలో పాడారు. బృందం చెదిరిపోతే 'లోన్ ట్రోజన్' అని పేరు పెట్టుకొని ఒంటరిగా గిటారుతో పాడారు. 1967లో లండన్ చేరారు. 1974లో ఆయన తయారు చేసిన 'కుంగ్ ఫూ ఫైటింగ్' అనే సింగిల్ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానం పట్టింది. మన దేశానికి 1980లో 'కుర్బానీ' పాటతో నాజియా హసన్‌ను, 1995లో 'మేడ్ ఇన్ ఇండియా'తో అలీషా చినాయ్‌ని వినిపించినదీ ఆయనే.

బృందం విడిచిన రాక్ గాయకుడు తన సొంత నేల వైపు తిరగడం లోకంలో ఉన్నదే. బీటిల్స్ విడిపోయాక జార్జ్ హారిసన్ 1970లో 'మై స్వీట్ లార్డ్' అనే సింగిల్ చేశారు. విడిపోయిన బీటిల్స్‌లో ఒంటరిగా మొదటి స్థానానికి చేరిన మొదటి పాట అదే. అందులో వెనక గొంతులు హరే కృష్ణ నామమూ, గురుర్బ్రహ్మ శ్లోకమూ పలుకుతాయి. పరాయి దేశపు మనిషికే మన శ్లోకం పాప్ పాటలో ఒదిగినప్పుడు, మనవాడి రాక్ గొంతు మన పల్లె బాణీలో ఒదగడం వింతేముంది?

రెండు గనుల ఊళ్ళు

ఈ పాటలో రమణ గోగుల గారి గొంతు ఎంత ముఖ్యమో మధుప్రియ గొంతు అంతే ముఖ్యం. ఆ అమ్మాయి తెలంగాణలోని గోదావరిఖని బిడ్డ. చిన్నతనంలోనే ఆడపిల్ల గోడును పాడి తెలుగువాళ్ళ కంట తడి పెట్టించింది. 2017లో 'ఫిదా'లోని పాటతో సినిమాలోనూ పేరు తెచ్చుకుంది. గోదావరిఖని అంటే సింగరేణి బొగ్గు గనుల ఊరు. కె.జి.ఎఫ్. బంగారు గనుల ఊరు. అక్కడ నల్ల గని, ఇక్కడ పచ్చ గని. రెండు చోట్లా మనిషి భూమి కిందికి దిగి బతికాడు. రెండు చోట్లా పైన ఉన్న ఆడవాళ్ళు ఇల్లూ పిల్లల్నీ నడిపి, పనిలో అలుపు తెలియకుండా పాడుకున్నారు. మన గని 2001 ఫిబ్రవరి 28న మూతబడింది. పాటగాళ్ళలో చాలామంది ఉద్యోగాలు వెతుక్కుంటూ బెంగళూరుకు, మరెక్కడికో పోయారు. సింగరేణి ఇంకా నడుస్తున్నది. అక్కడి అమ్మాయి గొంతు మన సందుల్లో వినబడింది.

సంగీతం చేసిన భీమ్స్ కూడా తెలంగాణ పల్లె నుంచి వచ్చినవారే. 'ధమాకా', 'బలగం' ఆయన చేసిన సినిమాలు. ఆయన ఈ పాటలో చేసిన తెలివైన పని ఒకటుంది. పల్లె బాణీని పల్లె గొంతుకే ఇస్తే అది అలవాటైన పాట అయ్యేది. రాక్ గొంతుకు ఇవ్వడం వల్ల కొత్తదయింది. భర్త పిలుపులో కాస్త గీర, భార్య జవాబులో జానపదపు విరుపు. పాట వేగం తక్కువ. మాట స్పష్టంగా వినబడుతుంది. వాయిద్యాలు గొంతుల మీద పడి గోల చేయవు. అందుకే ఆరేళ్ళ పిల్లా, అరవై ఏళ్ళ అవ్వా ఇద్దరూ ఒక్క రోజులో పల్లవి పట్టేశారు.

తెర మీద భార్యగా నటించిన ఐశ్వర్య రాజేష్ సంగతి కూడా మనకు దగ్గరిదే. ఆమె తెలుగు నటుడు రాజేష్ గారి కూతురు, అమర్‌నాథ్ గారి మనవరాలు. పుట్టి పెరిగింది చెన్నైలో. పేరు తెచ్చుకున్నది తమిళ సినిమాల్లో. తెలుగు ఇంటి భాషగా, వీధి భాష మరొకటిగా పెరిగిన పిల్లలు మన జిల్లాలో వేలమంది. ఆ పాటలో ఆమెను చూసినప్పుడు మన ఇంటి ఆడబిడ్డను చూసినట్టుండటం సహజం.

మనకెందుకు ఇదంతా?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన జిల్లాలో తెలుగు ఇంటి భాష. శ్రీనివాసపురం, ముళబాగిలు, బంగారుపేట పల్లెల్లో, 2007లో మననుంచి విడిపోయిన చిక్కబళ్ళాపురం జిల్లాలోని చింతామణి, బాగేపల్లి వైపున, అవ్వతాతలనుంచి వచ్చిన తెలుగు ఇంకా బతికే ఉంది. కైవారం తాతయ్య గారు తెలుగులోనూ కన్నడంలోనూ పాడి వెళ్ళిన నేల ఇది. ఆయన తత్వాలు చదువు రానివాళ్ళకు కూడా నోటికి వచ్చు. ఎందుకంటే అవి పాటలు.

కానీ మన పిల్లలు బడిలో కన్నడం చదువుతారు, ఇంగ్లీషు చదువుతారు. అది మంచిదే. ఉన్న రాజ్యపు భాష రావాలి, లోకపు భాష రావాలి. కన్నడం మనకు పరాయిది కాదు, పక్కింటి అక్క. కష్టం ఎక్కడంటే, పిల్లలు తెలుగు మాట్లాడగలరు గానీ చదవలేరు. అవ్వ రాసిపెట్టుకున్న పాటల పుస్తకం మనవరాలికి బొమ్మల పుస్తకం. ఇంకొక తరానికి మాటలు కూడా తగ్గుతాయి. 'అన్నం పెట్టు', 'యాడికి పోతుండావు' అన్నంతవరకే తెలుగు మిగులుతుందేమోనని నాబోటివాళ్ళకు గుబులు.

అటువంటప్పుడు 'గోదారి గట్టు' వంటి పాట వచ్చి పిల్లల నోట కొత్త తెలుగు మాటలు పెట్టింది. మా వీధిలో కన్నడ మీడియం చదివే ఒక పిల్ల ఈ పాట మాటలను కన్నడ లిపిలో రాసుకొని పాడడం చూశాను. తప్పుపట్టలేదు. రెండు లిపులు అక్కచెల్లెళ్ళే, ఒకటి వచ్చినవాళ్ళకు రెండోది నేర్చుకోవడం పది రోజుల పని. తలకట్టులో కొద్ది తేడా, నాలుగైదు అక్షరాల్లో తేడా. ఆ పిల్లకు కావలసిందల్లా ఆ పది రోజులు పక్కన కూర్చునే పెద్దమనిషి. పాట పిల్లను గడప దాకా తెచ్చింది. లోపలికి పిలవవలసింది మనం.

రెండో విషయం. రమణ గోగుల గారి జీవితం తల్లిదండ్రులకు చెప్పే మాట ఒకటుంది. మన ఇళ్ళలో పిల్లవాడు పదో తరగతికి రాగానే మృదంగం మూలకు, గిటారు అటక మీదికి. "ముందు సీటు, తరువాత పాట" అంటాం. ఆ తరువాత ఎప్పటికీ రాదు. ఈయన ఉద్యోగాన్ని కాదనలేదు, పాటనూ కాదనలేదు. ఏళ్ళ తరబడి పాట నిద్రపోయింది గానీ చావలేదు. పిలుపు వచ్చిన రోజున గొంతు సిద్ధంగా ఉంది. పాటే బతుకుతెరువు కానక్కర్లేదు. వారానికి రెండు గంటలు దానికి మిగిల్చితే చాలు, అది మనిషిని విడిచిపోదు.

మూడోది, గొంతు సంగతి. తీయని గొంతు ఉన్నవాళ్ళే పాడాలన్న నియమం లేదు. గొంతు పట్టిందా అని అవ్వలు అడిగిన ఆ గొంతునే పాతికేళ్ళ తరువాత జనం కోరి పిలిపించుకున్నారు. కొందరు ఇప్పటికీ ఆ గొంతు ఇష్టపడరు, అది వాళ్ళ చెవి. కానీ మన పిల్లలు సభలో పాడడానికి సిగ్గుపడితే, "నీ గొంతు నీది, పాడు నాయనా" అనగల ధైర్యం మనకు ఇటువంటి పాట వల్ల వస్తుంది.

ఒక అభ్యంతరానికి కూడా జవాబు చెప్పాలి. సినిమా పాటతో భాష బతుకుతుందా అని పెద్దలు అడుగుతారు. ఒక్కదానితో బతకదు. సినిమా పాట పండుగ పూట తినే బొబ్బట్టు. రోజూ తినే సంగటి ముద్ద ఇంట్లో మాటలు, కథలు, చదువు. కానీ బొబ్బట్టు ఆశకు వంటింటి దాకా వచ్చిన పిల్లకే కదా మనం ముద్ద కూడా పెట్టగలిగేది.

కనుక సభ్య కుటుంబాలకు నా మనవి ఇది. వచ్చే ఉగాది కార్యక్రమానికి పిల్లలు తమకు నచ్చిన ఒక తెలుగు పాటను, సినిమాదైనా సరే, తెలుగు లిపిలో సొంత చేత్తో రాసుకొని వచ్చి పాడాలి. ఆ పాటలో అర్థం తెలియని మాటలు ఇంట్లో పెద్దలను అడిగి తెలుసుకోవాలి. అదే వేదిక మీద ఇంట్లోని అవ్వో తాతో తమ చిన్ననాటి పాట ఒకటి పాడాలి. కె.జి.ఎఫ్. లైన్లలో పెరిగిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. గని రోజుల పాటలు వాళ్ళ నోళ్ళలోనే ఉన్నాయి, ఏ రికార్డులోనూ లేవు. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉన్న సెల్‌ఫోనే రికార్డు యంత్రం. మనవడు పక్కన కూర్చొని రికార్డు చేస్తే చాలు.

2018 నుంచి బెంగళూరులో శుద్ధి చేసిన నీళ్ళు కె.సి. వ్యాలీ కాలువ ద్వారా మన చెరువుల్లోకి వస్తున్నాయి. ఎండిన చెరువులు కొన్ని నిండాయి. ఆ నీళ్ళ మంచిచెడ్డల మీద వాదం ఉన్నా, కట్ట మీద నిలబడితే చల్లగాలి తగులుతున్న మాట నిజం. గోదారి గట్టు దూరం. చెరువు కట్ట దగ్గర. ఆ కట్ట మీద కూర్చొని పాడుకోవడానికి మన పాట ఒకటి ఎవరు కడతారో, ఏ ఇంట్లో ఆ పిల్ల ఇప్పుడు పలక మీద అ ఆలు దిద్దుతున్నదో!